వెలిసిపోయిన చేప

విన్నదానికి ఆవగింజంతైనా కలపకుండా చెప్పేవాడు ఈ భూమ్మీద ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. కాబట్టి నమ్మండి: ఆ ఇంటి హాల్లో, అద్దాల తొట్టిలో, దిండంత చేప ఉండేది. స్టూడియో పని నుంచి రాగానే ఆ ఇంటి ఇల్లాలు పాత ప్లాస్టిక్ కార్డు ముక్కతో తొట్టి అద్దాన్ని గీకేది. చేతులు మోచేతుల దాకా నీళ్ళలో, చెవులు కుక్కరు కూతలో. ఎంత గీకినా పాచి మర్నాటికి మళ్ళీ పచ్చగా పట్టేది.

తొట్టి కొన్నది భర్త. రంగులు మార్చే లైటు పెట్టించిందీ ఆయనే. రిమోటు ఆయనది, పాచి ఆవిడది. పంపకాలు ఎప్పుడో జరిగిపోయాయి. పొద్దున ఆయన పేపరు తెరిచింది మొదలు రాత్రి ఆవలించేదాకా ఆ లైటు వెలగాల్సిందే. "వెలుతురుంటేనే ఇంటికి కళ" అనేది అత్తగారు. అడుగున, ఒక నీటిమొక్క చుట్టూ, తెల్లటి గులకరాళ్ళు పోయించారు, తెలుపైతే శుభ్రంగా కనబడుతుందని. తెలుపు సంగతి తుడిచేవాళ్ళని కదా అడగాలి!

ఒక సాయంత్రం ఆయన తొట్టిలోకి తొంగి చూశాడు. "ఏమోయ్, ఇది బొత్తిగా వెలిసిపోయిందే! ఆదివారం మా మేనేజరు భార్యతో సహా వస్తున్నాడు. ఆలోగా దీన్ని తీసేసి ఎర్రటిది ఒకటి పట్రా."

ఆవిడ చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. ఆ మాట ఆవిడకు కొత్త కాదు. ఒకసారి భోజనానికి వచ్చిన స్నేహితుడు గోడ మీది పెళ్ళి ఫొటో చూసి, "మా చెల్లెమ్మ ఎంత కళగా ఉందిరా!" అంటే, "ఆ కళ స్టూడియోవాడిది. సరుకు ఇంటికి తెచ్చాక నాలుగు ఉతుకులకే వెలిసిపోయింది" అన్నాడు భర్త. అందరూ పడీ పడీ నవ్వారు. చేతిలో గరిటె ఉంది కాబట్టి, ఇంకేం చేయాలో తోచక ఆవిడ కూడా నవ్వింది.

అసలు తమాషా ఏమిటంటే, ఆవిడ ఉద్యోగమే వెలుతురు సర్దడం. ఫొటో స్టూడియోలో లైటు ఏ పక్క నుంచి పడాలో, ఎంత పడాలో చూసేది ఆవిడ. మీట నొక్కేది ఓనరు. ఫొటో కింద పేరు ఓనరుది. ఎదురుగా నిండా లైటు కొడితే ఎంత చక్కటి మొహమైనా పిండిముద్దైపోతుందని ఆవిడకు బాగా తెలుసు. ఆ తెలివిని మాత్రం ఇంటి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచేసేది. కొన్నేళ్ళ కింద ఓనరు, "నా చెయ్యి వణుకుతోందమ్మా, బయటి ఫంక్షన్లకి కెమెరా నువ్వు పట్టు" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్తే భర్త, "పట్టుకో, నేనేం కాదన్నానా? తొట్టిలో పాచి ఎవరు గీకుతారో అది కూడా నువ్వే చెప్పు" అని నవ్వాడు. కోపంగా అంటే జవాబు చెప్పేదేమో. నవ్వుతూ అన్నదానికి ఎదురు చెప్పడం ఎలాగో ఆవిడకు తెలియలేదు. మర్నాడు వెళ్ళి "వీలు కాదండీ" అంది. కెమెరా ఓనరుగారి మేనల్లుడి చేతికి వెళ్ళింది. లైటు ఎక్కడ పెట్టాలో అతనికి నేర్పింది మళ్ళీ ఆవిడే.

ఇక కొత్త చేప కోసం పాతదాన్ని సంచిలో పట్టుకుని చేపల కొట్టుకు వెళ్ళింది. దిండంత చేపను సంచిలో ఎలా పట్టించిందని అడగకండి. దిండంత అన్నది నా నోటి దురుసు. బొటనవేలంత. మీరు నమ్మారు కదా, చాలు.

కొట్టు చూసుకునే ఆవిడ సంచిని ఎత్తి చూసి నవ్వింది. "ముసలిదేం కాదమ్మా. పైన అంత లైటు, కింద తెల్లరాళ్ళు పెడితే ఇది ఏం చేస్తుంది? ఎవరి కంటా పడకుండా తన రంగు తానే చెరుపుకుంటుంది."

"మరి ఆ పాచి? రోజూ గీకుతున్నాను."

"పాచికి తిండే వెలుతురు. లైటు తగ్గించకుండా అద్దం గీకడం, కొళాయి కట్టకుండా నేల తుడవడమే. ఆ పాచి కింద మొక్కలకి ఊపిరాడుతుందా? కింద నల్లరాళ్ళు పోసి, కొన్నాళ్ళు దుప్పటి కప్పి చీకట్లో ఉంచండి."

దారి పొడుగునా ఆవిడకు ఆ కొళాయే గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ తుడిచింది తను. కట్టొచ్చని ఎవరూ చెప్పలేదు, నిజమే. లైట్ల మధ్య బతికే తను మాత్రం ఎందుకు అడగలేదు? తనను ఎవరో చెరిపేశారని ఇన్నాళ్ళూ లోలోపల తిట్టుకుంది. తీరా చూస్తే కొంత పని తన చేత్తోనే జరిగింది. ఎవరి కంటా పడకుండా ఉంటే మాట పడక్కర్లేదని తెల్లరాళ్ళ మధ్య తెల్లగా సర్దుకుంది. ఏడుపు వచ్చింది. కానీ సంచిలో చేప ఉంది, కుదుపు లేకుండా నడవాలి.

నల్లగుడ్డ కోసం స్టూడియోకి వెళ్ళింది. మనుషుల వెనక వేలాడదీసే గుడ్డ అడిగి, ఆ నోటితోనే కెమెరా కూడా అడిగింది. ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళకా తల్లీ? పెద్ద పార్టీలన్నీ మా మేనల్లుడికి కట్టేశానే. చిన్నవే మిగిలాయి."

"చిన్నవే ఇవ్వండి."

తొట్టికి నల్లగుడ్డ కప్పేసరికి అత్తగారు ఉలిక్కిపడింది. "ఏమిటే ఇది, ఎవరో పోయినట్టు?"

"చేప పడుకుంది అత్తయ్యా."

"పట్టపగలు పడకా! నీ పోలికే వచ్చింది."

"నేను పగలు పడుకోవడం మీరెప్పుడు చూశారు అత్తయ్యా?"

ముసలావిడ చూసిన రోజు కోసం వెతికి వెతికి, దొరక్క, మంచినీళ్ళు అడిగింది.

ఆదివారం మేనేజరు, ఆయన భార్య వచ్చి కూర్చున్నారు. భర్త రిమోటు పట్టుకుని, "గుడ్డ తియ్యి" అన్నాడు. తీసింది. అడుగున నల్లరాళ్ళు, పక్క నుంచి పలచటి వెలుతురు, కొత్త చిగురు వేసిన మొక్క, మధ్యలో నిప్పుకణికలా చేప. "అబ్బ, ఏం ఎరుపండీ!" అంది మేనేజరు భార్య. "కొత్తదండీ, మొన్ననే తెప్పించాను" అన్నాడు భర్త, రిమోటు నొక్కుతూ. రంగుల లైటు వెలగలేదు. దాని వైరు ఆవిడ చేతిలో ఉంది.

"కొత్తది కాదండీ, పాతదే. లైటు తగ్గించాను" అంది మేనేజరు భార్యతో. తర్వాత భర్త వైపు తిరిగింది. "రేపటి నుంచి బయటి ఫంక్షన్లకి కెమెరా పట్టుకుని వెళ్తున్నాను. పాచి ఎవరు గీకుతారని ఆ రోజు అడిగారు కదా. ఈ కార్డు ముక్క మీ దగ్గర ఉంచండి."

ఇదంతా ఆవిడే నాకు చెప్పింది, నా ఫొటో తీస్తూ. పక్క లైటు పెట్టి తీసింది, ముడతలు ఒక్కటీ పోలేదు. కింద ఆవిడ పేరు వేయించమని నేనే పట్టుబట్టాను.

కథలో ఒక్క చోట మాత్రం నా చెయ్యి పడింది. దిండు సంగతి మీకు ముందే ఒప్పుకున్నాను, ఇది వేరు. గుడ్డ తీసేసరికి మొక్క ఒక చిగురు వేసిన మాట నిజమే. చేప మాత్రం తెల్లగానే ఉంది. ఆలస్యమైపోయింది, ఆ రంగు ఇక రాలేదు. మేనేజరు భార్య, "అయ్యో, దీనికి ఒంట్లో బాగాలేదా?" అంది. "కొత్తది తెమ్మంటే మా ఆవిడ వినదండీ" అన్నాడు భర్త. ఎరుపు నేను వేశాను, ఆవిడ మీద జాలికొద్దీ.

ఆవిడకు ఆ జాలి అక్కర్లేకపోయింది. నేను చెప్పిన కెమెరా మాటా, కార్డు ముక్క మాటా, ఒక్కటీ పొల్లుపోకుండా, ఆ తెల్లచేప పక్కనే నిలబడి అన్నది.