నొప్పిలేని జాగ

మైసికి ఎనిమిదేళ్లకే చక్కెర జబ్బు. తొడ మీద ఒకచోట పొడిస్తే ఏడ్చేది కాదని తల్లి బుగ్గమ్మ రోజూ ఇన్సులిన్ సూది అక్కడే వేసేది. ఆ చోట మెత్తటి గడ్డ లేస్తే, బిడ్డకు కండ పడుతోందని మురిసిపోయింది.

కానీ చక్కెర చూడటానికి పిల్ల మూత్రంలో ఆసుపత్రివాళ్లిచ్చిన నీలిరంగు మందు కలిపి కాచినప్పుడల్లా గాజు గొట్టంలో ఇటుక రంగే తేలేది. అంటే చక్కెర దిగలేదు.

"మల్ల బెల్లం తిన్నవా?"

"తినలేదవ్వా, ఒట్టు."

పైగా అబద్ధమా అని బుగ్గమ్మ వీపు మీద చరిచేది. బెల్లం కుండను అటకెక్కించి నిచ్చెన తీసేసినా రంగు మారలేదు. ఆ రోజు ఇంకా గట్టిగా కొట్టింది.

పిల్ల చిక్కిపోతుంటే తాండూరులో రైలెక్కించి వికారాబాద్ తీసుకెళ్లింది. డాక్టరమ్మ గడ్డను నొక్కి చూసింది.

"రోజూ ఈడనే పొడుస్తున్నవా? మందు గీ గడ్డలనే ఆగిపోతున్నది. ఒంట్లకు పోతేనే గదా చక్కెర దిగేది! జాగ మార్చు."

"మరి బెల్లం..." అనబోయి బుగ్గమ్మ పిల్ల వీపు నిమిరింది.

మర్నాడు పొద్దున రెండో తొడ మీద పొడిచింది. మైసి కెవ్వుమని అరిచి చేతులు జోడించింది.

"నేనే తిన్ననవ్వా. ఇంకెప్పుడు బెల్లం తినను. ఎప్పటి జాగలనే పొడువు."