పెద్దమ్మ విజిల్

ఐదో దోసె పెనం మీద ఉండగా మా ఆయన ధనశేఖర్ ఫోన్‌లో ఏదో చూసి నవ్వాడు. "మీ పెద్దమ్మకి వేరే పనే లేదా? సాయిబులకీ మనోళ్ళకీ మధ్యలో దూరిందంట."

మా అత్త శకుంతలమ్మ గదిలోంచే అందుకుంది. "బళ్ళో మగోడి మాదిరి ప్యాంటేసుకుని పిల్లోళ్ళని పరిగెత్తించిన మనిషి. ఇంకెట్లుంటాది?"

నేను దోసె తిరగేశాను. పదహారేళ్ళుగా ఈ ఇంట్లో గొడవ రాకుండా చూడటం నా పని. కూరలో ఉప్పు సరిపోయినా అత్త ఎక్కువైందంటే ఎక్కువైందనే అంటాను. ఆయన కొట్లోంచి చిరాగ్గా వస్తే నా గొంతు తగ్గిస్తాను. తల్లీకొడుకులు అలిగితే ఇద్దరి దగ్గరికీ కాఫీ తీసుకెళ్ళేది నేనే. "మా లోకేశ్వరి సర్దుకుపోయే మనిషి" అని ఆయన చుట్టాల ముందు చెబుతుంటే అది పొగడ్తే అనుకునేదాన్ని.

అప్పుడే పెద్దమ్మ మునిరత్నమ్మ ఫోన్ చేసింది. "లోకా, పదింటికి వచ్చెయ్. ఈరోజు తేలిపోతాది. నువ్వు సూడాల!"

అరవై ఆరేళ్ళ మనిషి గొంతు పదహారేళ్ళ పిల్ల గొంతులా ఉంది. పొయ్యి ఆపేశాను. "మధ్యాహ్నం అన్నం?" అని ఆయన అడిగేసరికి చెప్పులేసుకుని వీధిలో ఉన్నాను. చిత్తూరు నుంచి బస్సులో సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను.

మా ఊరు పూతలపట్టుకి కాస్త లోపల. వినాయకుడి పందిరి వీధికి అడ్డంగా వేయడంతో మసీదుకి పోయే దారి సగం మూసుకుపోయింది. మసీదు మైకు సరిగ్గా పందిరి వైపే తిరిగి ఉంది. పందిరి జరపడానికి వీళ్ళూ, మైకు తిప్పడానికి వాళ్ళూ ఒప్పుకున్నారు. కానీ ముందు ఎవరు? వారంగా అక్కడే ఆగింది. మొన్న ఒక రాయి కూడా లేచిందట. రిటైరైన డ్రిల్లు టీచరు మా పెద్దమ్మ ఇంటింటికీ తిరిగింది. రెండు వైపులా సగం మంది ఆవిడ శిష్యులే.

నేను వెళ్ళేసరికి వీధి నిండా జనం. పందిరి గుంజల దగ్గర ఢిల్లీబాబు, అతని స్నేహితులు. మసీదు మిద్దె మీద స్పానర్‌తో కాదర్ బాషా. మధ్యలో నీలం ట్రాక్ ప్యాంటు, మెడలో విజిల్‌తో మా పెద్దమ్మ.

"మైకు తిరిగేదాకా మేము గుంజ ఎత్తం టీచర్," అన్నాడు ఢిల్లీబాబు.

"గుంజ లేస్తేనే నేను బోల్టు ఇప్పేది," పైనుంచి కాదర్ బాషా అరిచాడు.

"నోరు మూసుకోండ్రా ఇద్దరూ! పరుగుపందెంలో ఎట్లా నిలబడినారో గుర్తుండాదా? ముందు లేదు, ఎనక లేదు. నేను విజిల్ ఊదతా. ఒకేసారి కదలాల."

జనం నవ్వారు. విజిల్ మోగింది. పన్నెండు మంది చేతుల మీద పందిరి లేచింది, మిద్దె మీద మైకు తిరిగింది. "ఆవిడ మా పెద్దమ్మ!" అని పక్కనున్నామె చెయ్యి పట్టుకుని అరిచాను. బురఖాలో ఉన్న ఆమె నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "మా టీచర్ కూడా!"

తర్వాత అరుగు మీద కూర్చుని పెద్దమ్మ గటగటా నీళ్ళు తాగింది. నేను ఉత్సాహం ఆపుకోలేక, "ఇంట్లో నేనూ ఇదే పని చేస్తాండా పెద్దమ్మా, గొడవల్లేకుండా," అన్నాను.

"ఎవరు తగ్గతారు?"

"నేనే."

"ఎప్పుడూనా?"

తలూపాను. చెంబు పక్కన పెట్టి నా వైపు చూసింది. "అయితే అది రాజీ కాదు మే. వాళ్ళకి నీతో గొడవే లేదు, ఎందుకంటే ఆడ నువ్వే లేవు." వీధి వైపు చెయ్యి చూపిస్తూ, "రేపు శుక్రవారం నమాజుకీ, ఆదివారం నిమజ్జనానికీ గొడవ రాకుండా ఈడ నిలబడేదానికి ఆడోళ్ళు కావాల. రెండు పక్కలా అడగతాండా. నువ్వుంటావా?" అంది.

నేను జవాబు చెప్పేలోగా ఫోన్ మోగింది. మా ఆయన.

"కుక్కర్లో నీళ్ళెన్ని పొయ్యాల? అయినా నువ్వెప్పుడొస్తావు?"

"గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు. ఆదివారం నిమజ్జనం అయినాక వస్తా."

"అన్ని రోజులా? ఈడెవరు చేస్తారు?"

"మీరూ అత్తా మాట్లాడుకోండి."

అవతల మాట లేదు. ఇలాంటప్పుడు ప్రతిసారీ "సరేలెండి, సాయంత్రానికి వచ్చేస్తా" అనేది నేనే. ఈసారి ఆయన ఏదో ఒకటి అనేదాకా ఊరుకున్నాను.