రద్దయిన పద్నాలుగు రిపోర్టులు

పంతొమ్మిది రిపోర్టుల్లో పద్నాలుగు రద్దు! ఫోన్లో వచ్చిన ఉత్తర్వును నీలవేణి మూడుసార్లు చదువుకుంది. నాలుగోసారి పైకి చదివేసరికి ఆశా కార్యకర్త సంతోషి కుర్చీలోంచి లేచి ఈల వేసింది.

ఉద్దానం తీరంలోని ఆ చిన్న ఆరోగ్య కేంద్రానికి నీలవేణి నర్సుగా వచ్చి మూడేళ్లు. సూది పట్టిన రోజులకంటే పెన్ను పట్టిన రోజులే ఎక్కువ. దోమల మీద రిపోర్టు, దోమతెరల మీద రిపోర్టు, ఆ రెండూ పంపినట్టు ఇంకో రిపోర్టు! అన్నీ పొద్దున్న ఏడు నుంచి పదిలోపు కేంద్రంలోనే కూర్చుని ఆన్‌లైన్లో ఎక్కించాలి. ఒళ్లు మండిపోయేది, కానీ ఎవరితో చెప్పుకుంటుంది?

"రేపు పొద్దున్నే ఒడ్డుకెల్దారి. ఎల్లాజీని పట్టుకోవాల," అంది సంతోషితో.

ఎల్లాజీకి సొంత అన్న ఒకడు ఆ ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుతోనే పోయాడు. ఎల్లాజీకీ కాళ్లు వాస్తున్నాయని అతని భార్య దేముడమ్మ మొత్తుకోబట్టి ఏడాదైంది. రక్తపరీక్ష చేద్దామంటే మనిషి దొరకడు. వేటకు వెళ్లేముందు రక్తం తీయిస్తే వల ఖాళీగా వస్తుందని ఆ ఊరి మత్స్యకారుల పట్టింపు. ఇంటికెళ్లి నిద్రపోయి లేచాడంటే మళ్లీ వేటకు బయల్దేరినట్టే లెక్క. పడవ దిగిన వెంటనే అయితే అభ్యంతరం లేదు. ఆ పడవలు వచ్చేదేమో సరిగ్గా రిపోర్టుల వేళకే.

మర్నాడు ఎనిమిదింటికి నీలవేణి చెప్పులు చేత్తో పట్టుకుని, భుజాన శాంపిళ్ల పెట్టెతో ఇసకలో పరుగెత్తింది.

"ఏటి నర్సమ్మా, సేపలకొచ్చినావా?" అన్నాడు ఎల్లాజీ పడవ దిగుతూ.

"నీకోసవే వచ్చినానన్నా. సెయ్యి సాపు."

అతను నసిగాడు. "ఒడ్డెక్కినావు కదా, ఇంకేటి? సాపు!" అని దేముడమ్మ గదిమింది. చాపాడు. అతన్ని చూసి వెనక మరో పదిమంది నిలబడ్డారు. నీలవేణికి గంతులేయాలనిపించింది. ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఇంత సంబరపడలేదు.

శాంపిళ్లు పలాస కిడ్నీ ఆస్పత్రికి వెళ్లాయి. మూడో రోజు అక్కడి డాక్టర్ ప్రమోదిని ఫోన్ చేసింది. "ఎల్లాజీకి జబ్బు మొదలైంది. కానీ డయాలసిస్ దాకా పోకుండా మందులతో చాలాకాలం ఆపొచ్చు. మంచి టైంలో పట్టుకున్నావ్!"

ఆ మాట మోసుకుంటూ నీలవేణి ఒక్క ఉదుటున ఎల్లాజీ ఇంటికి వెళ్లింది. దేముడమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. వల బాగుచేసుకుంటున్న ఎల్లాజీ మాత్రం తలెత్తి అడిగాడు. అతని గొంతులో నిష్ఠూరమేమీ లేదు.

"ఒడ్డుకీ నీ ఆస్పత్రికీ నాలుగడుగులు లేవు. ఇన్నాళ్లూ పొద్దున్న పూట ఏటి సేత్తన్నావమ్మా?"

నీలవేణికి నవ్వు ఆగిపోయింది.

"రిపోర్టుల్లో నీ గురించే రాసేదాన్నన్నా," అంది. "మడిసి ఊళ్లో లేడని."