ముఖం మీద లైటు

క్లాసు సాయంత్రం ఐదుకు. నా కూతురు సమత రెండో షిఫ్టుకు పోతూ ట్యాబ్‌ను బల్ల మీద పెట్టి, దాన్ని ముట్టుకోవద్దని చెప్పింది. ముట్టుకోకుండా క్లాసు ఎట్లా జరుగుతుందో చెప్పలేదు.

"ఛార్జింగ్ ఫుల్లు పెట్టిన. ఆప్ ఎక్కిచ్చిన. మైకుకు, కెమెరాకు పర్మిషన్ ఇచ్చిన. నువ్వు గా నీలం రంగు లింకు ఒత్తుడే. ఇంకేం ఒత్తకు బాపు."

"ఒత్తినంక?"

"కూసో. కనపడు. గంతే."

"కనపడి ఏం చెయ్యాలె?"

"అమ్మ చేసేది చెయ్యి" అంది. అన్నాక తనే తల దించుకుని బూట్లు తొడుక్కుంది.

నా మనుమరాలు సహస్రకు పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఇప్పుడు ఏడేళ్లు. నా భార్య పూలమ్మ ఉన్నన్నాళ్లు ఈ ఇంట్లో అది ఇబ్బంది కాలేదు. ఇద్దరూ కలిసి చేతులతో ఒక భాష కట్టుకున్నారు. పాలకు ఒక సైగ, కోడిగుడ్డుకు ఒకటి, పక్కింటి కుక్కకు ఒకటి. నాకేమైనా కావాలంటే నేను పూలమ్మను అడిగేవాణ్ని. పిల్లకేమైనా కావాలంటే పిల్ల పూలమ్మను అడిగేది. పని నడిచేది.

పోయిన కార్తీకంలో పూలమ్మ చనిపోయింది. నేను పనిచేసిన బొగ్గు బాయిలో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి పని అప్పగించి పోవాలి. ఎక్కడ కప్పు కూలేటట్టుంది, ఎక్కడ నీళ్లు ఊరుతున్నాయి, అన్నీ చెప్పి పోవాలి. చదువు లేని కూలీకి కూడా ఈ నియమం తెలుసు. పూలమ్మ ఏమీ చెప్పకుండా పోయింది. అది నేను క్షమించలేదు.

అప్పటి నుంచి పిల్ల ఏదో చూపిస్తుంది. నాకు అర్థం కాదు. మళ్లీ చూపిస్తుంది. మూడోసారి నా వైపు చూసి ఊరుకుంటుంది. దాహమేమో అనుకుని నేను నీళ్లు ఇస్తాను. తాగుతుంది. పిల్ల ఎన్ని నీళ్లని తాగుతుంది?

సమతకు ఆ సైగలు కొన్ని వచ్చు. కానీ బాయి పనికి పనికిరానని డాక్టర్లు నన్ను అన్‌ఫిట్ చేశాక నా ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఉద్యోగంతో పాటు షిఫ్టులూ వచ్చాయి. ఆమె ఇంటికి చేరేసరికి పిల్ల నిద్రపోతుంది. అల్లుడి సంగతి ఇక్కడ అవసరం లేదు.

క్లాసు పెడుతున్నది హైదరాబాద్‌లో ఒక సంస్థ. వినపడని పిల్లలకూ వాళ్ల ఇంటివాళ్లకూ కలిపి సైగల భాష నేర్పుతారు. సీట్లు కొన్నే. ఆశపడేవాళ్లు చాలామంది. మొదటి రోజు ఇంటి మనిషి ఒకరు పిల్ల పక్కన కూర్చుని కెమెరాలో కనపడాలి. ముఖమూ కనపడాలి, రెండు చేతులూ కనపడాలి. కనపడకపోతే సీటు వెనకున్న కుటుంబానికి పోతుంది. సమత షిఫ్టు మార్చమని అడిగింది. వచ్చే నెల చూద్దామన్నారు. ఇంటి మనిషి అంటే ఇక నేనే.

ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలో వాళ్లు ఫోన్‌కు పంపారు. సమత చదివి వినిపించింది. మళ్లీ చదవమన్నాను. ట్యాబ్‌ను చేత్తో పట్టుకోకూడదు, చేతులు మాట్లాడటానికి కావాలి. వెనక గోడ సాదాగా ఉండాలి. కూలర్ చప్పుడు ఉండకూడదు. వెలుతురు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. నన్ను మొదటిసారి బాయిలోకి దింపినప్పుడు కూడా ఇన్ని చెప్పలేదు.

ముందు గదిలో సాదా గోడ లేదు. ఒక గోడకు కిటికీ. ఒక గోడకు క్యాలెండరు, గడియారం. ఇంకొక గోడకు పూలమ్మ ఫోటో, ప్లాస్టిక్ దండ, ఎర్రటి చిన్న బల్బు. ఫోటో తీస్తే సరిపోతుందని సమత అంది. నేను తియ్యలేదు. వంటింటి వైపు మూలకు ఏమీ లేదు, ఏమీ కనపడదు కూడా. ట్యూబ్‌లైటు వెలుతురు అక్కడిదాకా రాదు. కుర్చీలు అక్కడే వేశాను. స్టూలు మీద ఇడ్లీ పాత్ర బోర్లించి, దాని మీద ట్యాబ్ నిలబెట్టి, పడిపోకుండా వెనక బియ్యం డబ్బా పెట్టాను. మే నెల. కూలర్ ఆపాను. సహస్ర కూలర్ వైపు, నా వైపు చూసింది. ఆ చూపుకు సైగ అక్కర్లేదు.

ఇక వెలుతురు. తలకు కట్టుకునే లైటు ఒకటి మేకుకు వేలాడుతుంది. కంపెనీది కాదు. కంపెనీ లైటు ఉద్యోగం దిగిపోయిన రోజే ఇచ్చేశాను. ఇది లక్ష్మీనగర్ బజార్లో కొన్నది. కట్టుకున్నాను. నా తల మీద ఉన్న లైటు నా ముఖం మీద పడదని, ఎదుటివాళ్ల ముఖం మీద పడుతుందని నాకు అప్పుడు తట్టలేదు. ఇన్నేళ్లూ లైటుకు వెనక ఉన్నవాణ్ని.

నీలం రంగు లింకు ఒత్తాను. ఒక గుండ్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది. తిరుగుతూనే ఉంది. సహస్ర నా వైపు చూసి, వేలితో గాలిలో గుండ్రంగా తిప్పి, చెయ్యి దులిపేసింది. అది మాత్రం అర్థమయింది.

మా ఇంట్లో నెట్ సరిగా అందదు. వైఫై ఉన్నది పక్క క్వార్టర్‌లో. అందులో ఉండేది శాంతిరాజ్. మా బాయి మీద హాజరు వేసే క్లర్కు. పై నుంచి మా పేర్లు రాయడమే తప్ప ఎన్నడూ కిందికి దిగలేదు. పూలమ్మ పోయిన రోజు వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "దేవుడు మంచోళ్లను జల్ది తీస్కపోతడు అన్నా" అన్నాడు. "అట్లయితే నువ్వు నూరేండ్లుంటవు" అన్నాను. ఆ తర్వాత మాటలు లేవు.

అతను పైపుతో చెట్లకు నీళ్లు పెడుతున్నాడు. గేటు దగ్గర నిలబడ్డాను.

"ఏంది కొమురెల్లన్నా, తొవ్వ తప్పినవా? పట్టపగలు నెత్తికి లైటేంది?"

"వైఫై కావాలె."

"జర నవ్వుకుంట అడుగు, ఇస్త."

"ఇయ్యకు తీ."

"అరె, ఆగు. గింత కోపమైతే ఎట్ల? ఎందుకు వైఫై?"

"పిల్లకు క్లాసు. కనపడకపోతే సీటు పోతది."

అతను పైపు అక్కడే పడేశాడు. "పాస్‌వర్డ్ నోటితోని చెప్తే నువ్వు ఒత్తలేవు. నడువు, నేనే ఒత్తుత" అని నాకంటే ముందు మా ఇంట్లోకి నడిచాడు. పూలమ్మ ఫోటో ముందు ఆగి నోరు తెరిచాడు.

"ఏమన్న అంటివా, బయటికి తోలుత" అన్నాను.

నోరు మూసి, పాస్‌వర్డ్ ఒత్తాడు.

గుండ్రం ఆగింది. తెర నిండా చిన్న చిన్న గళ్లు వచ్చాయి. ఒక్కో గడిలో ఒక పిల్లో పిల్లవాడో, పక్కన తల్లో తండ్రో. అందరి వెనకా సాదా గోడలే. వీళ్ల ఇళ్లలో ఎవరూ చావరా అనుకున్నాను. పై గడిలో టీచరు. పేరు శాలిని. చేతులతోనూ నోటితోనూ ఒకేసారి మాట్లాడుతుంది.

"సహస్ర వాళ్ల ఇంటివాళ్లు ఎవరండీ? నాకు ఒక తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనిపించట్లేదు."

శాంతిరాజ్ ట్యాబ్ వెనక నుంచి నన్ను చూశాడు. "రైలింజన్ లెక్కున్నవు. గా లైటు తియ్యి."

లైటు తీశాను.

"ఇప్పుడు వెలుగు కూడా లేదండీ. చీకటి. పాప కొద్దిగా కనిపిస్తోంది, పక్కన ఎవరో తెలియట్లేదు."

"నేనున్న" అన్నాను.

"మాట వినిపిస్తోందండీ. కానీ మాకు కనిపించాలి కదా. నియమం నేను పెట్టింది కాదు. ఇంకో కుటుంబం కాచుకుని ఉంది. కాస్త తొందరగా చూడండి."

సహస్ర తెర చూస్తోంది. ఇంకొక గడిలో రెండు జడల పిల్ల ఆమెకు చెయ్యి ఊపింది. సహస్ర కుర్చీ అంచుకు జరిగి, రెండు చేతులూ ఎత్తి ఊపింది. పూలమ్మ పోయాక ఆమె చేతులు అంత ఎత్తుకు లేవడం నేను చూడలేదు.

శాంతిరాజ్ నా చేతిలో లైటు లాక్కుని తన తలకు కట్టుకున్నాడు. ట్యాబ్ వెనక నిలబడి నా ముఖం మీదికి తిప్పాడు.

బాయిలో మనిషి ముఖం మీద లైటు కొట్టడమంటే వాణ్ని తిట్టడమే. కళ్లు పోతాయి, అడుగు తప్పుతుంది. అందుకే కింద ఎవరితో మాట్లాడినా తల పక్కకు తిప్పి, గోడ వైపు చూస్తూ మాట్లాడతాం. ఉద్యోగమంతా అట్లాగే మాట్లాడాను. ఇంటికొచ్చాక కూడా మెడ అట్లాగే తిరిగేది. "మొకం చూసి మాట్లాడు, ఇది బాయి కాదు, ఇల్లు" అని పూలమ్మ అనేది. నేను తలుపు వైపు చూస్తూ సరే అనేవాణ్ని. శాంతిరాజ్‌కు ఈ మర్యాద తెలియదు. పైన కూర్చున్నవాడు.

లైటు పడగానే నా మెడ దానంతట అదే పక్కకు తిరిగింది.

"తాతగారూ, ఇటు చూడాలండీ. ఈ పిల్లలు చేతుల్ని మాత్రమే చూడరు, ముఖం కూడా చూస్తారు. మీరు ముఖం తిప్పుకుంటే, మీరు తనతో మాట్లాడుతున్నారని కూడా పాపకు తెలియదు."

నేను తలుపు వైపే చూస్తున్నాను.

"జర ఇటు చూడరాదే" అన్నాడు శాంతిరాజ్. "పంచాదులుంటే తర్వాత పెట్టుకుందాం. పిల్ల సీటు పోతది."

తిరిగి చూశాను. లైటు నేరుగా కళ్లలో పడింది. కళ్లలో నీళ్లు కారాయి. లైటు వల్ల. ఇది రాయడం ఎందుకంటే, తర్వాత శాంతిరాజ్ కాలనీలో వేరే విధంగా చెప్పాడు.

"కనిపిస్తున్నారు! చేతులు ఎత్తండి. రెండూ. బాగుంది. ఉండండి, అట్లాగే ఉండండి."

"హాజరు పడ్డది పో" అన్నాడు శాంతిరాజ్.

మొదటి పాఠం రెండు చేతులూ తెరిచి, అరచేతులు పైకి పెట్టి, కొద్దిగా ఆడించడం. 'ఏమిటి?' అని అర్థం. ముఖంలో కూడా ఆ ప్రశ్న ఉండాలట. నా ముఖంలో ప్రశ్న లేదని ఆమె రెండుసార్లు చెప్పింది. మూడోసారి సరిపెట్టుకుంది.

తర్వాత టీచరు పిల్లలందరినీ అడిగింది. మీ పక్కన కూర్చున్నవాళ్లను ఇంట్లో ఏ సైగతో పిలుస్తారు? రెండు జడల పిల్ల ముక్కు మీద వేలు పెట్టింది. వాళ్ల అమ్మ ముక్కుపుడక. ఒక పిల్లవాడు మీసం తిప్పాడు. వాళ్ల నాన్న నిజంగానే మీసం సవరించుకున్నాడు. సైగ లేనివాళ్లకు తానే ఒకటి ఇస్తానంది టీచరు. నాకు ఆమే ఇవ్వాలి. సహస్ర నన్ను ఎన్నడూ పిలవలేదు. కావాలంటే అంగీ లాగుతుంది.

సహస్ర వంతు వచ్చింది. కొంచెం కూడా ఆలోచించలేదు. పిడికిలి నుదుటి మీద పెట్టి, వేళ్లు ముందుకు విప్పింది. తర్వాత తల మెల్లగా ఎడమకూ కుడికీ ఊపింది. చాలాసార్లు చేసి అలవాటైన సైగ.

"ఇది నాకు అర్థం కాలేదు" అంది టీచరు. "తాతగారూ, మీకు తెలుసా?"

తెలుసు. బొగ్గు టబ్బుల చప్పుడులో కింద మాట వినపడదు. తల మీది లైటుతో చెప్పుకుంటాం. లైటు అటూ ఇటూ ఊగితే ఆగు అని. వద్దు అని. నేను ఆ సంగతి పిల్లకు ఎన్నడూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో, కింద ఎట్ల మాట్లాడుకుంటరు అని పూలమ్మ అడిగితే చూపించాను. ఆ తర్వాత ఆమె నా మీదనే వాడింది. జాతరకు పోదామా అంటే వద్దన్నాను. తమ్ముడింట్ల పెండ్లికి పోదామా అంటే వద్దన్నాను. అన్న ప్రతిసారీ నుదుటి మీద పిడికిలి పెట్టి తల ఊపి, వంటింట్లోకి పోయేది. ఎక్కిరింపు అనుకునేవాణ్ని. అది నా పేరు.

షిఫ్టు దిగేముందు అప్పగించకుండా పోయింది అనుకున్నాను. అప్పగించింది. నాకు కాదు.

"అది బాయిల సైగ" అన్నాను టీచరుతో. "లైటు గట్ల ఊపితే వద్దు అని."

"అంటే తాత అంటే... వద్దు అనే మనిషా?" ఆమె నవ్వు ఆపుకుంది. "నచ్చకపోతే మార్చుకోవచ్చండీ. కొత్త పేరు ఇవ్వనా?"

శాంతిరాజ్ లైటుతో సహా నా వైపే చూస్తున్నాడు. సహస్ర కూడా.

వద్దని తల ఊపాను.

సహస్ర కుర్చీలోంచి ఎగిరి లేచి, రెండు చేతులతో నా తలను చూపించింది. చూడండి, నేను చెప్పలేదా అన్నట్టు. టీచరు ఇక నవ్వు ఆపుకోలేదు. పిడికిలి నుదుటి మీద పెట్టి తల ఊపింది. రెండు జడల పిల్ల ఊపింది. మీసాలాయన ఊపాడు. గళ్లన్నీ ఊగాయి. ఎవరో తెలియని మనుషులందరూ కలిసి నన్ను ఆగమన్నారు.

క్లాసు అయిపోయింది. సీటు ఉంది. వారానికి రెండు క్లాసులట. శాంతిరాజ్ లైటు విప్పి మేకుకు తగిలించాడు.

"మల్ల క్లాసుకు నేను రావాల్నా?"

"వైఫై వస్తే చాలు."

"లైటు ఎవరు పడుతరు? మీ ఇడ్లీ పాత్రనా?" అని చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఫోటో వైపు తిరిగాడు. "పూలమ్మక్క..."

"పో" అన్నాను.

పోయాడు.

సహస్ర నా ఎదురుగా వచ్చి నిలబడింది. నుదుటి మీద పిడికిలి, తల ఊపు. పిలిచింది. తర్వాత రోజూ చూపించేదే చూపించింది. ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలితో తట్టడం. నేను నీళ్ల బిందె వైపు తిరగబోయి ఆగాను. లైటు తీసి, వెలిగించి, బియ్యం డబ్బా మీద నా ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాను. ఆమె ముఖం చూశాను. రెండు చేతులూ తెరిచి అరచేతులు ఆడించాను. ఏమిటి?

ఆమె నా ముఖం చూసింది. ఈసారి ఊరుకోలేదు. పిడికిలి మీద తట్టింది. వేళ్ల కొసలతో పెంకు గిల్లి గిల్లి పడేసింది. మూడు వేళ్లతో ఉప్పు చల్లింది.

కోడిగుడ్డు. ఎన్నాళ్ల నుంచి అడుగుతోందో.

ఇంట్లో గుడ్లు లేవు. దుకాణం దూరం. శాంతిరాజ్ గేటు దగ్గరికి మళ్లీ పోవాల్సి వచ్చింది.