ఆఖరివాడి దెబ్బలు

ఆఖరున వచ్చిన పిల్లవాణ్ణి కొట్టి పరుగు నేర్పడం మన బళ్ళలో ఆచారం. దానివల్ల ఏ పిల్లవాడికీ పరుగు రాలేదు. చిట్టియ్య కొడుకు ఏసురాజుకు అసలే రాలేదు.

రామచంద్రపురం దగ్గరి పల్లెలో చిట్టియ్య పాలేరు. భార్య జ్ఞానమ్మ వాంతిభేదితో చనిపోయిన ఏడాది, తొమ్మిదేళ్ళ కొడుకును మిషను బడికి తీసుకువెళ్ళి పెద్దిరాజు పంతులుగారి ముందు నిలబెట్టాడు. తండ్రులందరూ చెప్పే మాటే తనూ చెప్పాడు.

“కళ్ళు రెండూ వదిలెయ్యండి పంతులుగారూ. మిగతా ఒళ్ళంతా తమదేనండి.”

పంతులుగారు నవ్వారు. పిల్లవాడు నవ్వలేదు.

పెద్దిరాజు దుర్మార్గుడు కాడు. ఆయన చదివిన వీధిబడిలో పొద్దున్నే మొదట వచ్చినవాడి అరచేతిలో శ్రీ వ్రాసేవారు, రెండోవాడికి చుక్క పెట్టేవారు. మూడోవాడి నుంచి దెబ్బలు. వెనకబడినకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. మిషను బడికి వచ్చాక ఆయన శ్రీని మానుకున్నాడు, దెబ్బలు మానుకోలేదు. ఇన్‌స్పెక్టరు దొర ఈసారి పిల్లల డ్రిల్లు కూడా చూస్తారని కబురు రాగానే ఆ పద్ధతినే పరుగుకూ పెట్టాడు. కోతలయిన చేలో గట్టు నుంచి గట్టుకు పరుగు. ఇరవైమంది పిల్లలు. ఆఖరివాడికి పద్దెనిమిది దెబ్బలు.

ఆడపిల్లలకు చదువు చెప్పే సువార్తమ్మగారు వద్దంది. ఆమె తన పిల్లలను ఆడించేముందు నేల ఊడ్పించి, తానే వట్టికాళ్ళతో నడిచి చూసేది. మగపిల్లలు ముళ్ళకు జడిస్తే ఎలాగని పెద్దిరాజు కొట్టిపారేశాడు.

వారం తిరగకుండా పిల్లలు మారిపోయారు. అంతకుముందు పడినవాణ్ణి లేవనెత్తిన చేతులే ఇప్పుడు పక్కవాణ్ణి తోసేవి. ఒకడు పడితే మిగిలినవాళ్ళకు ఒక దెబ్బ తగ్గుతుంది మరి.

ఏసురాజు మడమలో తుమ్మముల్లు దిగి లోపలే విరిగింది. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది రోజులు మునివేళ్ళ మీద పరుగెత్తాడు. ఇంట్లో కుంటుతుంటే, బడి ఎగ్గొట్టడానికి వేషాలని చిట్టియ్య కసిరాడు. తొమ్మిదోనాడు గంజి తాగబోతే వాడి నోరు తెరుచుకోలేదు.

చిట్టియ్య కాలు పట్టి చూశాడు. మడమ నల్లబడి ఉంది.

“ముల్లు దిగిందని చెప్పవేంరా?”

“పంతులుగారికి చెబితే ఆఖరున నిలబెడతారు,” అన్నాడు పిల్లవాడు, పళ్ళ సందులోంచి.

“నాకు చెప్పకూడదా?”

“నువ్వు ఇంకో రెండు వెయ్యమంటావుగా అయ్యా.”

పడవలో కాకినాడ ఆసుపత్రికి బయలుదేరారు. దారిలోనే వాడి వీపు విల్లులా వంగింది. ధనుర్వాతం. పడవ కాకినాడ చేరకముందే ప్రాణం పోయింది.

పాతిపెట్టిన మర్నాడు తండ్రులంతా కర్రలతో బడి మీదికి వచ్చారు. పెద్దిరాజు తల వంచుకుని అరుగు మీద కూర్చున్నాడు. సువార్తమ్మగారు వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

“ఆయన కొట్టాడు, నిజమే. కొట్టమని అప్పగించిందెవరు? మీలో ఆ మాట అననివాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రండి.”

ముందు వరుసవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

“పిల్లలకు ఒంటి కసరత్తు కావాలి. అది నేర్పేచోట నేల శుభ్రంగా ఉండాలి, వెనకబడ్డవాడికి చెయ్యందాలి, నొప్పి పుడితే నొప్పని చెప్పే ధైర్యం ఉండాలి. ఇవాళ ఓడిన పిల్లవాడు రేపు మళ్ళీ ఆడదామని రావాలి. అలా రాకపోతే అది ఆట కాదు, శిక్ష.”

కర్రలు దిగాయి. ఆ రోజు నుంచి ఆ బడిలో ఆఖరివాణ్ణి కొట్టలేదు. కొడుకు పోతేనేగాని ఆ మార్పు రాలేదు. అలాంటి మార్పును చిట్టియ్య ఏనాడూ మెచ్చుకోలేదు.

కొన్నేళ్ళకు పెద్దిరాజు అతని గుమ్మంలోకి వచ్చి, క్షమించానని ఒక్కమాట అనమని బతిమాలాడు.

“మిమ్మల్ని క్షమిస్తే నన్నూ నేను క్షమించుకోవాలి పంతులుగారూ. వాడి ఊసు నా దగ్గర ఎత్తకండి,” అని చిట్టియ్య తలుపు వేసుకున్నాడు. చచ్చేదాకా తనూ ఎత్తలేదు.