నోరున్న పెట్టె

"మా అబ్బాయి నోరు ఓడలో వస్తోంది," అని మా మామగారు అందరికీ చెప్పుకున్నారు. ఎదురు ఫ్లాటువాళ్లకి చెప్పారు, లిఫ్టులో కలిసినవాళ్లకి చెప్పారు. ఈయనకి కాస్త తిక్క ఉన్నట్టుందని వాళ్లు అనుకునే ఉంటారు. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

నరాల జబ్బు మా ఆయన్ని కాళ్ల దగ్గర పట్టుకుని గొంతు దాకా వచ్చింది. గొంతు పూర్తిగా పోకముందే తనొక పని చేశాడు. బయటి చప్పుడు రాకుండా తలుపులు బిగించి, కిటికీలకి దుప్పట్లు కట్టి, తన మాటలన్నీ కంప్యూటర్లో రికార్డు చేసుకున్నాడు. "కాఫీలో చక్కెర మర్చిపోయావు" దగ్గర్నుంచి "నీ మొహంలే" దాకా. నా మీద విసుక్కోవడానికే బోలెడు రకాలు. చివర్లో నవ్వు కూడా పెట్టుకున్నాడు. ఆ తర్వాత కదిలేవి కుడిచేతి వేళ్లే అయినా, తెర మీద మాట ఎంచుకుంటే పెట్టెలోంచి తన గొంతే వచ్చేది. ఇంట్లో మళ్లీ గొడవలు మొదలయ్యాయి, ప్రాణం లేచొచ్చింది నాకు. ఒక డిస్కు పోయినా ఇంకోటి ఉంటుందని రెండో డిస్కు కొనిపించి, దాన్నీ ఆ పెట్టెలోనే బిగించుకున్నాడు. అదీ ఆయనగారి ముందుచూపు.

నేను ల్యాబులో పళ్ల సెట్లు చేస్తాను. మైనంలో పన్ను పక్కన పన్ను పేర్చి, ఎవరి నోటికి వాళ్ల నవ్వు అమర్చే పని. అప్పటికే పరాయి దేశంలో ఉన్న నన్ను కంపెనీ ఇంకో దేశంలోని ల్యాబుకి మార్చింది. ముగ్గురం విమానంలో వచ్చేశాం, సామాను ఓడెక్కింది. అది వచ్చేదాకా మా ఆయనకి రెండే మాటలు. కుర్చీ చెయ్యి మీద ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. అవును, కాదుల మీద కాపురం ఎలా ఉంటుందో నన్నడగండి!

సామాను వచ్చిందని మామగారు ల్యాబుకి ఫోన్ చేశారు. ఆ గొంతులో సంబరం చూసి నాకు భయమేసింది.

"మామయ్యా, పెట్టె విప్పండి, తుడవండి. కరెంటుకి మాత్రం తగిలించకండి. ఇక్కడి కరెంటు వేరు. రేపు మెకానిక్కు వస్తాడు."

"అలాగేనమ్మా, నేనేమన్నా చిన్నపిల్లాడినా?" అన్నారు.

కరెంటు వేరంటే ఆయన గోడ వైపు చూశారు. గోడకున్న కన్నాలు వేరు, మన ప్లగ్గు పుల్లలు వేరు. ఓస్, ఇంతేనా అనుకుని కింద కొట్లోకి వెళ్లి, ప్లగ్గుకి తొడిగే తొడుగొకటి కొనుక్కొచ్చారు. అది సరిగ్గా పట్టింది. ఇక రేపటిదాకా ఆగడం దేనికి? కన్నకొడుకు గొంతు విని ఎన్నాళ్లయింది?

నేను తలుపు తీసి చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి తడుతున్న చప్పుడు వినిపించింది. రెండు. మళ్లీ రెండు. మళ్లీ రెండు. ఇంత గట్టిగా తట్టే బలం తన వేళ్లలో ఉందని కూడా నాకు తెలీదు.

"ఊరుకోరా, నా నడుముకేం కాదు," అంటున్నారు మామగారు బల్ల కిందకి దూరి. "చిన్నప్పట్నుంచీ ఇంతే వీడు. నన్ను వంగనివ్వడు, బరువెత్తనివ్వడు. వద్దు నాన్నా, వద్దు నాన్నా!"

నవ్వుతూనే స్విచ్చి వేశారు.

పెద్ద చప్పుడు. పెట్టె వెనకనుంచి పొగ, మాడు వాసన. ఇల్లంతా చీకటైపోయింది. తట్టడం ఆగిపోయింది.

మర్నాడు మెకానిక్కు పెట్టెని వెనక్కి తిప్పి, ఫ్యాను పక్కనున్న చిన్న ఎర్ర స్విచ్చి చూపించాడు. దాని మీద 115 అని ఉంది, మేం వదిలొచ్చిన దేశం కరెంటు అది. ఇక్కడి కరెంటు 230.

"ఈ తొడుగు ప్లగ్గు ఆకారం మారుస్తుందండీ, కరెంటుని మార్చదు. ముందు దీన్ని ఇటు జరపాలి. గోరుతో జరుగుతుంది." జరిపి చూపించాడు కూడా. "లోపల కరెంటు అందించే సప్లై నాసిరకంది, పోతూ పోతూ అన్నిటినీ పట్టుకుపోయింది. రెండు డిస్కులూ మాడిపోయాయి."

"ఏమీ రాదా?"

"రాదమ్మా."

నేను మా ఆయన వైపు చూశాను. నీకు ఈ స్విచ్చి సంగతి తెలుసా అని అడిగాను. ఒకసారి తట్టాడు. ఆ ఇంట్లో తెలిసినవాడు తనొక్కడే. చెప్పడానికి కావలసిన నోరు మాత్రం బల్ల మీద, ప్లగ్గు కోసం ఎదురుచూస్తూ ఉంది.

నేను మామగారితో మాట మానేశాను. కంచం ముందు పెట్టి వెళ్లిపోయేదాన్ని. తిట్టాల్సినవన్నీ పళ్ల బిగువున దాచుకుని, సమయం కోసం చూశాను. అంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. ఆయన కూడా తినీ తినక లేచి, బాల్కనీలోకి పోయి కూర్చునేవారు.

కొత్త కంప్యూటర్ వచ్చింది. ఈసారి మెకానిక్కే అన్నీ చూసి తగిలించాడు. అందులో గొంతు రెడీమేడ్. ఎవరో వార్తలు చదివేవాడిది, శుభ్రంగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంది. మా ఆయన తెర మీద ఒక్కొక్క అక్షరం ఎంచుకోవడం మొదలుపెట్టాడు. ముందు నాతో మాట్లాడతాడనుకున్నాను. నాతో కాదు.

"నాన్నా, ఇలా రా," అంది పెట్టె.

మామగారు బాల్కనీలోంచి గబగబా వచ్చారు. మా ముందునుంచే వెళ్లి వీధి తలుపు తీశారు.

"ఎవరో పిలిచారమ్మా," అన్నారు. అన్ని రోజుల తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది.

దాచుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. మీ అబ్బాయేనని చెప్పడానికీ నోరు రాలేదు. ఆయన మెట్ల దాకా వెళ్లి కిందికి తొంగిచూస్తూ, "పైకి రండి బాబూ, ఇదే ఇల్లు," అని పిలుస్తున్నారు.