అదనపు ఖర్చు లేకుండా

మా చిన్న సేటు సంజీవ హనుమకొండలో ఏదో హోటల్లో ఒకరోజు శిక్షణకు వెళ్లి మూడు వస్తువులతో తిరిగొచ్చాడు. ఒక ప్లాస్టిక్ ఫైలు, హోటల్ పేరున్న పెన్ను, లారీ డ్రైవర్లకు బహుమతుల పథకం పెట్టాలన్న ఆలోచన. ఫైలు కొడుక్కిచ్చాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆలోచన తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"శ్రీశైలమన్నా, మంచి డ్రైవర్లు పోకుంట ఉండాల్నంటే బహుమతులు ఇయ్యాల్నట. అందరు ఇస్తున్నరట."

"ఇద్దాం సేటు. ఎంతల ఇద్దాం?"

"ఉన్న బడ్జెట్లనే. అదనపు ఖర్చు లేకుండా."

ఆ చివరి మాట మాత్రం పుస్తకాల తెలుగులో అన్నాడు. ఖర్చు తప్పించుకునే మాట ఎవరి నోట్లోంచైనా కొంచెం శుద్ధంగానే వస్తుంది.

జనగామలో మాది ఆరు లారీల ట్రాన్స్‌పోర్టు. భూపాలపల్లి బొగ్గు మా బతుకు. ఇరవై ఎనిమిదేళ్లుగా నేనే మేనేజర్ని. కుర్చీ మీద టవలు ఉంటుంది కాబట్టి ఆ సంగతి కొత్తవాళ్లకు కూడా తెలిసిపోతుంది.

సేటు తొందరకు కారణం ఇస్మాయిల్. ముప్పై ఏళ్ల నుంచి మా బండ్లే నడుపుతున్నాడు. ఒక్క యాక్సిడెంటు లేదు. భూపాలపల్లిలో కొత్తగా పెట్టిన కంపెనీ వాళ్లు అతన్ని రమ్మంటున్నారు. సోమవారం జవాబు చెప్తానన్నాడట. అతను పోతే వెనకే ఇద్దరు ముగ్గురు పోతారు. అందరికీ బండి నేర్పింది అతనే.

బడ్జెట్ పుస్తకం ముందేసుకుని చూశాను. డీజిల్ ముట్టుకోలేం. టైర్లు ముట్టుకుంటే పగులుతాయి. మిగిలింది చాయ్. రెండోపూట చాయ్ ఆపేసి, మిగిలిన డబ్బుతో తలా ఒక స్టీలు డబ్బా కొన్నాను. గూడూరు తండా డ్రైవర్ హరిలాల్ డబ్బా మూత తీసి లోపలికి చూశాడు.

"అంటే సారూ, మా చాయ్ బంద్ వెట్టి మాకే డబ్బా కొనిచ్చినవన్నట్టు?"

"అన్నట్టే."

"ఇందుల ఏం వోసుకోవాలె? చాయ్ ఐతే లేదాయె."

ఇస్మాయిల్ డబ్బాను మర్యాదగా నా టేబుల్ మీదే వదిలి వెళ్లాడు.

తర్వాత నా సొంత నిధుల మీద కన్నుపడింది. మా ఇంటి అటక మీద గృహప్రవేశానికి వచ్చిన గోడ గడియారాలు అయిదున్నాయి. అందులో ఒకటి మేము వేరేవాళ్లకిచ్చిందే. నాలుగు ఫంక్షన్లు తిరిగి క్షేమంగా ఇల్లు చేరింది. ఒకటి తీద్దామని నిచ్చెన వేస్తే మా ఆవిడ జమున కింద నుంచే కేకేసింది.

"గవి ముట్టకు! వచ్చే నెల మూడు పెండ్లిళ్లున్నయి."

శనివారం పొద్దున ఇస్మాయిల్ తాళాలు ఇవ్వడానికి వచ్చాడు. అతని లారీ ఎఫ్.సి.కి, ఆర్టీవో వాళ్ల ఫిట్‌నెస్ పరీక్షకు, పోవాలి. అంటే ముందు రంగు వేయించాలి. కూర్చోమన్నాను.

"భాయ్, నిజం జెప్పు. పైసలకేనా పోతున్నది?"

"రెండు వేలు ఎక్కువిస్తరు. గంతే. గవి నా బీడీలకు, మందులకు సరి." కాసేపు తాళాల గుత్తి తిప్పాడు. "పెద్ద సేటు ఉన్నప్పుడు రంగుల షెడ్డు యాదికున్నదా?"

ఎందుకు లేదు. అప్పట్లో ఎఫ్.సి. అంటే మాకు పండగ. పెయింటర్ కైసర్ వాళ్ల నాయన షెడ్డులో లారీ నిలబెట్టి, పెద్ద సేటు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మిరపకాయ బజ్జీలు వచ్చేవి. వాటికి కూడా టర్పెంటైన్ వాసనే వచ్చేది. ఏడాదంతా యాక్సిడెంటు చెయ్యని డ్రైవరును పిలిచి, "ఏ పేరు రాయమంటవ్ రా?" అని అడిగేవాడు. బండి వెనక తలుపు పలక, అదే డాల, దాని మీద ఆ పేరు పడేది, అటో తామరపువ్వు, ఇటో తామరపువ్వు. ఇస్మాయిల్‌కు బిడ్డ పుట్టిన ఏడు "సబా" అని రాయించుకున్నాడు. గార్ల ఊరి బడి ముందు నుంచి పోతే పిల్లలు గోడెక్కి ఆ పేరు చదివేవాళ్లట.

నేను డ్రైవర్ని కాదు. అయినా ఒక ఏడు పెద్ద సేటు మా పాప శిరీష పేరు రాయించాడు. ఆరునెలలు నేను సాయంత్రం ఆ బండి పోయే వేళకు కూరగాయల సంచి పట్టుకుని హైవే దాకా నడిచాను. కూరగాయలు మాత్రం ఇంటి పక్కనే దొరికేవి.

పెద్ద సేటు పోయాక ఆరు లారీల మీదా ఒకటే పేరు పడింది. అజిత్. చిన్న సేటు కొడుకు. ఒకసారి టోల్‌గేటు దగ్గర ఎవరో "అజిత్ లారీ, ముందుకు తియ్యి" అని అరిస్తే నాలుగు ఒకేసారి కదిలాయట.

రంగు పద్దు ఎలాగూ బడ్జెట్‌లో ఉంది. ఆ సంగతి అప్పుడు వెలిగింది నాకు. లేచి సేటు గదిలోకి పోయి, ఇస్మాయిల్ బండి మీద అతను అడిగిన పేరు రాయిద్దామని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"మావోని పేరు తీసేస్తమా?"

"ఇంక అయిదు లారీల మీద ఉంటది గద సేటు."

"రంగు?"

"ఉన్న రంగే."

హోటల్ పెన్ను రెండుసార్లు నొక్కి, సరే అన్నాడు. నా వెంటే బయటికొచ్చి నిలబడ్డాడు. నేను చీటీ తీసుకుని ఇస్మాయిల్‌ను అడిగాను. "సబా అనే రాయమంటవా?"

"సబా పెద్దగైంది అన్నా. పట్నంల నర్సు. దాని పేరు చిన్నప్పుడే ఊర్లన్ని తిరిగింది." తాళాల గుత్తి నా టేబుల్ మీద పెట్టాడు. "హాజిరా బీ అని రాయి. మా ఇంటామె. మానుకోట దాటి ఎన్నడు పోలేదు. రేషన్ కార్డు మీద తప్ప దాని పేరు యాడ జూడలే నేను."

రాశాను. సేటు చీటీలోకి తొంగి చూస్తున్నాడు. మేనేజర్ని కదా, ఆయన ధైర్యం కోసం కింద ఇంకో వరుస రాసి, చీటీ కైసర్‌కు పంపాను.

సోమవారం పొద్దున లారీ వచ్చింది. వెనక డాల మీద పసుపు అక్షరాలు, ఎర్ర నీడ, రెండు తామరపువ్వులు. మధ్యలో రెండు వరుసలు:

హాజిరా బీ
అదనపు ఖర్చు లేకుండా

కైసర్‌కు ఫోన్ చేశాను. "ఏందిర గిది?"

"నువ్ రాసిచ్చిందే గదన్నా. లారీల ఎన్క ఇంతకంటె ఇచ్చంత్రమైనయి రాసిన నేను. గిది మంచిగనే అనిపించింది."

"చెరిపెయ్యి."

"చెరుపుతె మల్ల రంగు కొట్టాలె. ఎనిమిది వందలైతది."

సేటు వైపు చూశాను. "ఉండనియ్యి" అన్నాడు.

అప్పటికే ఇస్మాయిల్ బండి వెనక నిలబడి, బస్సు బోర్డు చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు. చివరి అక్షరం అయ్యాక టోపీ తీసి తల గోక్కున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"సహీ రాసిండన్నా. ముప్పయ్యేండ్ల సంది నా ఇల్లు గిట్లనే నడిపింది."

ఫోటో తీసి ఇంటికి పంపాడు. తర్వాత భూపాలపల్లికి ఫోన్ కలిపాడు. "నేను రాను భాయ్... పైసల సంగతి కాదు. బండి మీద ఇంటామె పేరు వడ్డది. ఇప్పుడు బండి ఇడిసిపెడితే ఇంట్ల బువ్వ వుట్టది."

"నా బండి ఎఫ్.సి. ఎప్పుడు సారూ?" అన్నాడు హరిలాల్ పక్క నుంచి.

లారీ కదిలింది. కూరగాయల సంచి లేకుండానే హైవే దాకా నడిచాను. దుమ్ముకు కింది వరుస ముందే కనపడకుండా పోయింది. పై వరుస మలుపు దాకా కనిపించింది.

తిరిగొచ్చి అందరికీ రెండో చాయ్ చెప్పాను. దాన్ని ఏ పద్దులో రాయాలో ఇంకా ఆలోచిస్తున్నాను.